పందిరి క్రింది పశ్చాత్తాపము

శ్రీకృష్ణకర్ణామృతమును తెఱచిన పాఠకునకు తొలుత ఎదురగు పదము చింతామణి. తన గురువైన సోమగిరి పేరునకును, నెమలిపింఛము దాల్చిన తన దైవమునకును ముందుగా లీలాశుకుడు ఆ మాటను నిలిపెను. వ్యాఖ్యాతలలో కొందఱు అది కోరిన వరములొసగు మణివంటి గురువునకు విశేషణమని సమాధానపడిరి. మఱికొందఱు అది ఆ కవిని మోహనిద్రనుండి మేలుకొలిపిన వేశ్య పేరేయనియు, దారి చూపిన తొలి గురువు ఆమెయే గనుక ఆమెకే తొలి మన్నన చెల్లినదనియు నిస్సంకోచముగ వ్రాసిరి. ఒక్క పదమునుగుఱించి పండితులలో పుట్టిన ఈ భేదమే, కాలక్రమమున కలకత్తా రంగస్థలములమీదను, తెలుగునాటి తాటాకు పందిళ్ళలోను, తుదకు టాకీ తెరలమీదను వేఱువేఱు రూపములు దాల్చి, ఒకే కథకు కంటతడి పెట్టువారిని ఒకవైపునకును, ముఖము చిట్లించువారిని మఱియొకవైపునకును నెట్టుచు వచ్చినది.

కథ అందఱెఱిగినదే. బిల్వమంగళుడను విప్రుడు చింతామణి మోహమున బడి ఇల్లు మఱచెను. గాలివానకు ఏఱు పొంగి పొరలుచున్న ఒకానొక రాత్రి, కొట్టుకొని వచ్చు శవమును దుంగయని పట్టుకొని ఏఱు దాటి, గోడపై వ్రేలాడు సర్పమును త్రాడని నమ్మి మేడ యెక్కి, ఆమె యెదుట నిలిచెను. తడిసి వణకుచున్న ఆ మనుష్యుని చూచి ఆమె మురిసిపోలేదు. నశించు ఈ దేహముపై నిలిపిన మనస్సును నందనందనునిపై నిలిపియున్నచో ఈపాటికి తరించియుందువుగదా యని మందలించెను. ఆ మాటతో వాడు వేఱొక మనుష్యుడాయెను. ఈ వృత్తాంతమును భక్తమాలలు ఉత్తరాపథమంతట వ్యాపింపజేసినవి. కర్ణామృత గ్రంథమును కృష్ణవేణీ తీరమున విని, ప్రతి వ్రాయించుకొని పోయినవాడు శ్రీచైతన్యుడని చైతన్యచరితామృతము చెప్పుచున్నది గనుక, మన దక్షిణదేశపు కవి వంగీయులకు ఇంటివాడగుటకు హేతువును అచ్చటనే వెదకవలెను.

ఆ వంగదేశముననే 1886లో గిరీశచంద్ర ఘోషు బిల్వమంగళుని కథను నాటకముగ వ్రాసి, కలకత్తా స్టార్ థియేటరున ప్రదర్శించెను. చింతామణి వేషము ధరించినది వినోదిని దాసి. ఆ పేరువద్ద ఒకింత ఆగక తప్పదు. 1873లో బెంగాల్ థియేటరువారు స్త్రీ పాత్రలకు స్త్రీలనే, అనగా ఆ కాలపు స్థితిగతులలో వేశ్యావాటికలనుండియే, తీసికొనుటకు నిశ్చయించినప్పుడు, వితంతువుల కన్నీరు తుడుచుటకై జీవితమును ధారవోసిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడే ఆ సంస్థతో సంబంధము త్రెంచుకొనెను. 1884లో స్టార్ థియేటరునకు వచ్చి చైతన్యలీలను చూచిన రామకృష్ణ పరమహంస, చైతన్యుని వేషములోనున్న ఆ వినోదినినే ఆశీర్వదించెను. ఇద్దఱును మహాత్ములే, ఇద్దఱి చిత్తశుద్ధియు శంకింపరానిదే. అయినను నటి జన్మమును చూచి ఒకరు తొలగిపోయిరి, నటి భక్తిని చూచి మఱియొకరు దగ్గఱకు వచ్చిరి. లోకము తనకు ఉద్ధారమును నిరాకరించినను, రాత్రివెంబడి రాత్రి ఆ రంగస్థలముమీద నిలిచి ఒక పురుషునకు ఉద్ధారమార్గమును ఉపదేశించిన ఆ యువతి, బిల్వమంగళ ప్రదర్శనములు జరిగిన కొలది కాలమునకే, 23 ఏండ్ల ప్రాయమున రంగమును విడిచెను. 1912లో ఆమె ప్రకటించిన ఆత్మకథను చదివినవారు, చింతామణి పాత్రను తిరిగి తేలికగా చూడలేరని నా నమ్మకము.

1919 నవంబరు 1వ తేదీన కలకత్తా కార్న్‌వాలిస్ థియేటరులో మదనువారు ప్రదర్శించిన బిల్వమంగళ్ అను మూకీ, బెంగాలీలో తొలి కథాచిత్రమని చరిత్రకారులు లెక్కింతురు. ఒక జాతి తన చలనచిత్రములకు శ్రీకారము చుట్టుటకు ఈ కథను ఎన్నుకొనుట సామాన్య విషయము కాదు.

మన సీమలో వాతావరణము వేఱు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగముమేళములను సభలనుండియు పెండ్లిండ్లనుండియు తఱిమివేయుటకు పూనుకొనిరి. 1892లో విజయనగరమున ఆడబడిన కన్యాశుల్కములో అప్పారావుగారు మధురవాణిని సృష్టించి, ఆ కులమునందును మానవత్వముండునని చూపిరి. 1921లో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు వేశ్యాస్త్రీలు ఆయనను కలిసికొనిరి. ఆ కలయిక ఆయన హృదయమును ఎంత కలచివైచెనో అదే యేట యంగ్ ఇండియాలో ఆయన వ్రాసిన వ్యాసము సాక్ష్యమిచ్చును. సరిగా ఆ కాలముననే, ఆ గోదావరి ప్రాంతముననే, కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి నాటకము పుట్టినది. 1871లో జన్మించి 1927లో గతించిన ఆ కవి వరవిక్రయములో వరకట్నమును, మధుసేవలో మద్యపానమును, చింతామణిలో వేశ్యాలోలత్వమును ఖండింప సంకల్పించెను.

ఖండింపవలెనన్నచో ముందు చూపవలెను గదా! కవికి చిక్కు వచ్చినది ఇచ్చటనే. ప్రాచీన కథలో లేని భవానీశంకరుడు, సుబ్బిశెట్టి, చింతామణి తల్లియైన శ్రీహరి, చెల్లెలైన చిత్ర అను పాత్రలను ఆయన కల్పించి, ఒక వేశ్యాగృహము ఎట్లు నడచునో, ధనమును మానమును అచ్చట ఎట్లు కరగిపోవునో హాస్యముతో చిత్రించెను. పద్యములో ఆయన చేయి తిరిగినవాడు. సంభాషణములో అంతకంటెను చురుకైనవాడు. పతనమునకు ఈ విధముగ అంకములకు అంకములు దొరకగా, పరివర్తనమునకు దొరకిన కాలము కొలది. కృష్ణుని స్వప్నమున గాంచి చింతామణి విరక్తురాలగు ఘట్టమును, బిల్వమంగళుడు సోమగిరిని ఆశ్రయించి లీలాశుకుడగు ఘట్టమును ఎంత నిపుణుడు వ్రాసినను, నవ్వి నవ్వి అలసిన సభకు అవి కొందఱకు అమృతముగను, కొందఱకు అతికించిన నీతిగను తోచుట సహజము.

విమర్శకుల ఆక్షేపణలు పలువిధములు. ఒక స్వప్నముతో మనస్సు మాఱుట నాటకశిల్పమునకు తగదని కొందఱు, వేశ్యను నిందింప బూనిన కవి ఆమెకే మంచి పద్యములను కట్టబెట్టెనని కొందఱు, ఈ కన్నీరు చవుకయైనదని కొందఱు అనిరి. మొదటి ఆక్షేపణను నేను అంగీకరింపజాలను. భక్తి కథలలో పరివర్తనము ఎన్నడును మెట్లెక్కి రాదు, మెఱపువలె వచ్చును. విప్రనారాయణుని కథను వైజయంతీవిలాసముగ పాడిన సారంగు తమ్మయ మొదలు, నిగమశర్మను తరింపజేసిన తెనాలి రామకృష్ణుని వఱకు మన కవులు ఆ మార్గముననే నడచిరి. కాళ్ళకూరివారు వారి కోవలోనివారు. ఆయనను వేఱొక దేశపు త్రాసున తూచుట న్యాయము కాదు.

ప్రేక్షకుల తీర్పు పత్రికలలో కాక పందిళ్ళలో వెలువడినది. స్థానం నరసింహారావుగారివంటి మహానటులు చీరకట్టి చింతామణిగా నిలిచినప్పుడు, పురుషుడే స్త్రీయై పలుకుచున్నాడన్న స్పృహ సభకు లేకపోయెను. తరువాత కాంట్రాక్టు నాటకముల కాలము వచ్చినది. ఊరికొక నటుని రప్పించి, పద్యమునకొక వన్స్‌మోరు కొట్టించి, హార్మోనియము శ్రుతిలో రాగమును గుక్కతిప్పుకొనకుండ సాగదీసి, తెల్లవాఱువఱకు ఆడుట పరిపాటియైనది. శ్రీరామనవమి పందిరిలో సుబ్బిశెట్టి వచ్చు వేళకు పొరుగూళ్ళ బండ్లు చేరుచుండెడివి. ఆ నవ్వు కొఱకు నటులు కవి వ్రాయని మాటలను చేర్చిరి. చేర్చిన మాటలపై మఱి కొన్ని చేర్చిరి. కడకు నాటకమంతయు పోయి, ఆ ఒక్క ఘట్టమునే విడిగా ప్రదర్శించు దుర్గతి పట్టినది. తమ కులమువాని పేర ఒక పాత్రను నిలిపి ఊరూర అపహసించుచుండగా వైశ్యులు నొచ్చుకొనుటలో అన్యాయమేమియు లేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ నాటక ప్రదర్శనమును నిషేధించెను. ఆ వివాదము ఉన్నత న్యాయస్థానము మెట్లెక్కినది. గాయపడినవారి బాధ సత్యము. అయితే ఆ గాయమునకు హేతువైన మాటలలో ఎన్ని కవివో, ఎన్ని పందిళ్ళలో పుట్టినవో మూలగ్రంథమును దగ్గఱనుంచుకొని వడకట్టవలసిన పనిని, సంస్కారముగల నాటక సమాజములు ఏనాడో చేసియుండవలసినది. చేయలేదన్నదే నా ఆవేదన.

తెర సంగతి వేఱుగ నడచినది. తెలుగులో 1933లోనే చింతామణి టాకీగా వచ్చినది. 1937లో నెల్లూరివాడైన వై. వి. రావు తమిళమున చింతామణిని తీసెను. త్యాగరాజ భాగవతరు బిల్వమంగళుడు, అశ్వత్థమ్మ చింతామణి, పాటలు పాపనాశం శివనువి. తమిళదేశమున ఒకే థియేటరులో ఏడాదికి పైగా ఆడిన తొలి చిత్రమది. ఆ పాటలు వీథులలో మాఱుమ్రోగినవి. ఆ చిత్రము పేరనే మధురలో ఒక సినిమాహాలు వెలసినది. ఆ తెరమీద సంగీతము కథను మోసినది. అచ్చట పశ్చాత్తాపమునకు రాగము తోడుండుటచే ఎవ్వరికిని అది అతికినట్లు తోచలేదు.

తెలుగున భానుమతిగారి భాగ్యము విచిత్రమైనది. 1939లో కాళ్ళకూరివారి వరవిక్రయముననే ఆమె తొలిసారి తెరపై కనబడెను. 1954లో భరణీ సంస్థ తీసిన విప్రనారాయణలో దేవదేవియై, అక్కినేనివారి భక్తుని పతనమునకును పునరుత్థానమునకును తాను కారణమై, జనుల మెప్పును రాష్ట్రపతి యోగ్యతాపత్రమును ఆ చిత్రమునకు చేకూర్చెను. 1956లో అదే సంస్థ, అదే దర్శకుడు రామకృష్ణారావు, అదే నాయిక, ఈసారి ఎన్. టి. రామారావు బిల్వమంగళుడు, జమున రాధ. కాని నాటకమునకు దక్కిన దీర్ఘాయువు ఈ చింతామణికి దక్కలేదు. పందిరిలో విచ్చలవిడిగ చెలరేగిన నవ్వును తెర ఇముడ్చుకొనజాలదు. ఆ నవ్వును వదలినచో చింతామణి మఱియొక దేవదేవియై మిగులును, దేవదేవిని జనులు రెండేండ్ల క్రిందటనే చూచియుండిరి. నాకు తోచిన కారణమిది.

పందిరిలోనైతే రెండు సభలును ఒకే చాపపై కూర్చుండెడివి. సుబ్బిశెట్టికొఱకు వచ్చినవారు ఆ ఘట్టము కాగానే చుట్ట కాల్చుకొనుచు లేచిపోవుదురు, లేదా తుండుగుడ్డ తలక్రింద పెట్టుకొని నిద్రింతురు. పిల్లలు ఎప్పుడో నిద్రపోయియుందురు. తొలికోడి కూయు వేళకు గొంతు రాచుకొనిపోయిన హార్మోనిస్టు చివరి శ్రుతి పట్టగా, నగలన్నియు తీసివైచిన చింతామణి తెల్లచీరతో రంగముమీదికి వచ్చును. అప్పుడు ముందు వరుసలో మేలుకొనియుండువారు ముసలి ముత్తవ్వలు. సాయంకాలమునుండి వారు కనిపెట్టుకొనియున్నది ఆ ఘడియకొఱకే.