కక్ష్యలో మొలకెత్తిన అలసందలు

శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి 2024 డిసెంబర్ 30 రాత్రి పి.ఎస్.ఎల్.వి.-సి60 రాకెట్ నింగికెగసింది. స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను కక్ష్యలో విడిచిన తరువాత రాకెట్ నాలుగో దశను ఇస్రో వృథాగా వదిలివేయలేదు. 'పోయెమ్-4' పేరిట దానినే 24 పరికరాలు మోసే ప్రయోగ వేదికగా మలచి, సుమారు 350 కిలోమీటర్ల ఎత్తులో పరిభ్రమింపజేసింది. ఆ పరికరాలలో 'క్రాప్స్' అనే చిన్న పెట్టె ఒకటి. అందులో ఉన్నవి ఎనిమిది అలసంద గింజలు. కొన్ని ప్రాంతాలలో వీటిని బొబ్బర్లంటారు. నాలుగు రోజులలో అవి మొలకెత్తాయి. ఆ వెంటనే ఆకులు కూడా విచ్చుకున్నాయి.

తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన ఈ పెట్టె నియంత్రిత వాతావరణ సాగుకు అతి చిన్న నమూనా. పాలీహౌస్‌లో రైతు వేడిని, తేమను కొంతమేరకు అదుపు చేస్తాడు. వెలుతురు, గాలి మాత్రం ప్రకృతివే. కక్ష్యలో ఆ వెసులుబాటు లేదు. భూమిని సుమారు 90 నిమిషాలకొకసారి చుట్టే వాహనానికి పగలు, రాత్రి కూడా అంత త్వరగానే మారిపోతుంటాయి. కనుక ఎల్.ఇ.డి. దీపాలను 16 గంటలు వెలిగించి, 8 గంటలు ఆర్పి మొక్కకు దినచర్య కల్పించారు. ఉష్ణోగ్రతను 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిపే ఏర్పాటు చేశారు. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు, తేమ ఎంతెంత ఉన్నాయో పరికరాలు కొలుస్తుండగా, కెమెరా చిత్రాలు తీసింది.

అన్నింటికన్నా చిక్కైనది నీరు. చేలో పెట్టిన నీరు కిందికి ఇంకిపోగా మట్టి రేణువుల సందుల్లో గాలి చేరి వేరుకు ఊపిరి అందుతుంది. భారరహిత స్థితిలో 'కింద' అనేదే లేదు. నీరు వేరును పొరలా అంటిపెట్టుకుని ఉండిపోతుంది. తడి కాస్త ఎక్కువైతే మొక్కకు ఊపిరాడదు, తక్కువైతే వాడిపోతుంది. అందువల్ల మామూలు మట్టికి బదులు సన్నని రంధ్రాలుగల బంకమట్టి గుళికలను వాడారు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇవి నీటిని పీల్చి, మెల్లమెల్లగా అందిస్తాయి. ఎరువును ముందే కలిపి ఉంచి, నీటిని మాత్రం భూమి నుంచి ఆదేశం పంపి విడుదల చేశారు.

ఉష్ణ నియంత్రణ లేకుంటే ఏమవుతుందో 2019 జనవరిలో తెలిసింది. చైనా చాంగే-4 నౌక చంద్రుని ఆవలి వైపుకు తీసుకువెళ్ళిన పత్తి గింజ మొలకెత్తింది కానీ, చంద్రునిపై రాత్రి పడగానే ఆ మొలక చలికి చనిపోయింది. అంతకుముందే, 2015 ఆగస్టులో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు తాము పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకులను తిన్నారు.

రెండాకులు విచ్చినంత మాత్రాన పంట పండినట్లు కాదు. అలసంద మొలక ఆ దశ వరకు చాలావరకు గింజలో దాగిన ఆహారంతోనే బతుకుతుంది. తరువాత అది సొంతంగా ఆహారం తయారు చేసుకోవాలి, పూత పూయాలి, కాయ కాయాలి. అంగారక యాత్ర వంటి ఏళ్ళ తరబడి సాగే ప్రయాణాలకు తిండి మొత్తాన్నీ భూమి నుంచి మోసుకుపోవడం కష్టం గనుక, అక్కరకు వచ్చేది ఆ కాయే. క్రాప్స్ ప్రయోగాన్ని అయిదు నుంచి ఏడు రోజులకే, రెండాకుల దశ వరకే ఉద్దేశించారు. 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రాన్ని నెలకొల్పాలన్నది దేశ లక్ష్యం. విత్తనం నుంచి విత్తనం దాకా సాగే సుదీర్ఘ ప్రయోగాలకు కావలసిన చోటు, సమయం అటువంటి కేంద్రంలోనే దొరుకుతాయి.