డంజన్ మాస్టర్ (వీడియో గేమ్)

డంజన్ మాస్టర్ అటారీ ఎస్‌టీ కంప్యూటర్ కోసం 1987 డిసెంబరులో విడుదలైన వీడియో గేమ్. అమెరికాలోని శాన్ డియాగోకు చెందిన ఎఫ్‌టీఎల్ గేమ్స్ దీన్ని తయారు చేసింది. నలుగురు వీరుల దండును నడిపిస్తూ 14 అంతస్తుల నేలమాళిగలోకి దిగి, అక్కడున్న ఫైర్‌స్టాఫ్ అనే మంత్రదండాన్ని చేజిక్కించుకోవడం ఇందులో ఆటగాడి పని. నేలమాళిగ మొత్తం సమానమైన చదరపు గళ్లతో కట్టి ఉంటుంది. దండు అడుగు వేస్తే ఒక గడి జరుగుతుంది, పక్కకు తిరిగితే సరిగ్గా 90 డిగ్రీలు తిరుగుతుంది. ఇలాంటి ఆటలను గ్రిడ్ డంజన్ క్రాలర్లు అంటారు. ఇవి అంతకుముందూ ఉన్నాయి. అయితే వాటిలో పేరుమోసిన ఆటల్లో కాలం ఆటగాడి కోసం ఆగేది. డంజన్ మాస్టర్‌లో ఆగదు. ఈ ఒక్క మార్పు ఈ తరహా ఆటలు ఆడే తీరునే మార్చేసింది.

గళ్లలో నడవడం ఆనాటి కంప్యూటర్ల చేతకానితనం వల్ల వచ్చిందే తప్ప దానికి వేరే విలువ లేదని కొందరు కొట్టిపారేస్తారు. పుట్టుక వరకు ఆ మాట నిజమే. 16 రంగులు, 512 కిలోబైట్ల మెమరీ ఉన్న యంత్రానికి గోడను ఏ కోణంలో చూస్తే ఆ కోణంలో అప్పటికప్పుడు గీసిచూపే శక్తి లేదు. ముందే గీసిపెట్టుకున్న గోడలు, తలుపుల బొమ్మలను దూరాన్ని బట్టి తెరపై పేర్చేది. కానీ ఎఫ్‌టీఎల్ బృందం ఆ ఇబ్బందిని ఆట నియమంగా మలుచుకుంది. ఈ ఆటలో దూరానికీ కాలానికీ ప్రమాదానికీ గడే కొలత. దెబ్బలాటలోనూ పొడుపుకథల్లోనూ చివరి ఘట్టంలోనూ గళ్ల లెక్క తెలిసినవాడే గట్టెక్కుతాడు. ఈ ఆట గొప్పతనం ఇందులోనే ఉంది.

పూర్వరంగం

అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థపై 1970ల్లో విద్యార్థులు రాసుకున్న నేలమాళిగ ఆటలు ఈ తరహాకు తొలి నమూనాలు. వాటిని ఇళ్లలోని కంప్యూటర్లకు చేర్చి విపరీతంగా ప్రచారంలోకి తెచ్చింది విజార్డ్రీ. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాసిన ఈ ఆట 1981లో ఆపిల్ 2 కంప్యూటర్‌పై వచ్చింది. అందులో 10 అంతస్తులు, అంతస్తుకు 20 వరుసల్లో 20 గళ్లు. గోడలంటే సన్నటి గీతలే. శత్రువులు ఎదురైతే ఆట నిలిచిపోయి ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు దెబ్బ వేసేవారు.

విజార్డ్రీ ఆడేవాళ్లకు గ్రాఫ్ కాగితం, పెన్సిలు తప్పనిసరి. ఎక్కడున్నారో తెర చెప్పదు, తామే గీసుకోవాలి. ఆ గీతను చెడగొట్టడానికే కొన్ని గళ్లు పెట్టారు. ఒక దానిలో కాలు పెడితే చప్పుడు లేకుండా దిక్కు మారిపోతుంది, మరొకటి ఇంకెక్కడికో విసిరేస్తుంది. డ్యూమాపిక్ అనే మంత్రం వేస్తే గానీ ఉన్న చోటు తెలిసేది కాదు. 1985లో బార్డ్స్ టేల్, 1986లో మైట్ అండ్ మ్యాజిక్ ఇదే దారిలో నడిచాయి.

తయారీ

డగ్ బెల్, ఆండీ జరోస్ కలిసి సొంతంగా మొదలుపెట్టిన క్రిస్టల్ డ్రాగన్ అనే ఆట దీనికి బీజం. సొంత సొమ్ముతో దాన్ని పూర్తి చేయలేక ఇద్దరూ వేన్ హోల్డర్ నడుపుతున్న ఎఫ్‌టీఎల్‌లో చేరారు. అక్కడ డెనిస్ వాకర్, మైక్ న్యూటన్ తదితరులు తోడయ్యారు. బెల్ ప్రోగ్రామింగ్ చూసుకుంటే జరోస్ బొమ్మలు గీశాడు. మాన్యువల్‌లోని కథ నవలా రచయిత్రి నాన్సీ హోల్డర్‌ది, పెట్టె మీది వర్ణచిత్రం డేవిడ్ డారోది.

దొంగ కాపీలను అడ్డుకోవడానికి వాళ్లు చేసిన ఏర్పాటు కూడా చెప్పుకోదగ్గది. ఫ్లాపీలో కొన్ని బిట్లను చదివిన ప్రతిసారీ వేరేగా కనిపించేలా రాశారు. మామూలు డ్రైవుతో కాపీ చేస్తే ఆ బిట్లు ఏదో ఒక విలువ దగ్గర స్థిరపడిపోయేవి. ఆట మధ్యమధ్యలో వాటిని పరీక్షించి, నకలని తేలితే ఆగిపోయేది.

కథ

గ్రే లార్డ్ అనే మహామాంత్రికుడు పవర్ జెమ్ అనే మణిని వెలికితీయబోయి విఫలమవుతాడు. ఆ విస్ఫోటంలో అతడు రెండుగా చీలిపోతాడు. క్రమాన్ని కోరే సగం లార్డ్ ఆర్డర్, అరాచకాన్ని కోరే సగం లార్డ్ కేయాస్. కేయాస్ నేలమాళిగ అడుగున తిష్ఠ వేస్తాడు. గ్రే లార్డ్ శిష్యుడు థెరాన్ ఆ ప్రమాదంలో శరీరం పోగొట్టుకుని ఆత్మగా మిగులుతాడు. ఆటగాడు ఈ థెరానే. తనకు చేతులు లేవు కాబట్టి, అంతకుముందు లోపలికి వెళ్లి చనిపోయిన వీరుల్లో నలుగురిని లేపి వాళ్ల చేత పని చేయించాలి.

ఆట మొదట్లో హాల్ ఆఫ్ ఛాంపియన్స్‌లో 24 అద్దాలు ఉంటాయి, ఒక్కో అద్దంలో ఒక్కో వీరుడు. ఎంచుకున్న వీరుడిని ఉన్నవాడిని ఉన్నట్టే బతికించవచ్చు, లేదా పునర్జన్మ ఇవ్వవచ్చు. బతికిస్తే పేరూ నేర్చిన విద్యా నిలుస్తాయి. పునర్జన్మలో అవి పోయి, బదులుగా ఒంటి సత్తువ వంటి సహజ గుణాలు పెరుగుతాయి. కొత్తవాళ్లకు మొదటిది సుఖం, ఓపిక ఉన్నవాళ్లకు రెండోది లాభం.

ఆడే తీరు

తెరలో పెద్ద భాగం దండుకు ఎదురుగా కనిపించే దృశ్యం. పక్కన బాణం గుర్తులు, వీరుల చేతుల్లోని ఆయుధాల బొమ్మలు. చేతి గుర్తును మౌస్‌తో నేల మీది వస్తువు దగ్గరికి తీసుకెళ్లి నొక్కితే అది చేతికొస్తుంది. తెర పైభాగంలో నొక్కితే ఎదురుగా విసిరినట్టు. వీరుడి సంచి తెరిస్తే అక్కడ ఒక కన్ను, ఒక నోరు గీసి ఉంటాయి. వస్తువును కంటి మీద పెడితే దాని వివరం తెలుస్తుంది, తినేదాన్ని నోట్లో పెడితే వీరుడు తింటాడు. వాక్యాలు, సంకేతాలు టైపు చేయించే ఆటలకు అలవాటుపడ్డ ఆనాటి వాళ్లకు ఇది కొత్త. నేటికీ ఎవరూ నేర్పకుండానే చేతికి అలవడే తీరు ఇది.

నలుగురూ కలిసి ఒకే గడిలో ఉంటారు, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. కత్తి, గద వంటివి ముందువాళ్లకే అందుతాయి. వెనకవాళ్లు విసరాలి, బాణం వేయాలి, లేదా మంత్రం వేయాలి. శత్రువులకూ ఇదే లెక్క. మమ్మీల వంటివి ఒక గడిలో నాలుగు దాకా ఇముడుతాయి, పెద్ద పురుగులు రెండే పడతాయి, డ్రాగన్ అయితే గడంతా తనదే. దండు వెనక్కి తిరిగి పారిపోతుంటే వెనక వరుసలోని బలహీనుడే దెబ్బకు దొరుకుతాడు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలన్నది అందుకే ప్రతి మలుపులోనూ ఆలోచించాల్సిన సంగతి.

ఈ ఆటలో అనుభవజ్ఞులు మొదట నేర్చేది పక్క అడుగు. రెండు వరుసల్లో రెండేసి ఖాళీ గళ్లున్న చోటు చూసుకోవాలి. దండు ఉత్తరానికి చూస్తూ నిలబడింది, ఎదుటి గడిలో శత్రువు ఉన్నాడు. దెబ్బ వేసి వెంటనే కుడి గడిలోకి జరగాలి, ముఖం తిప్పకూడదు. ఇప్పుడు శత్రువు మూలగా ఉన్నాడు. మూలగా ఉన్నవాడికి మన మీద చేయి ఆడదు. వాడూ పక్కకు జరిగి మళ్లీ మన ఎదుటికి వస్తాడు. అయితే జరిగిన దిక్కుకే చూస్తుంటాడు కాబట్టి మన వైపు తిరగడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో దెబ్బ వేసి ఎడమకు జరగాలి. ఈ లయ కుదిరితే తనకంటే ఎంతో బలమైన ప్రాణిని ఒక్క గాయం లేకుండా కూల్చవచ్చు. ఇరుకు దారిలో పక్కన ఖాళీ ఉండదు కనుక ఈ ఎత్తు పారదు. అందుకే శత్రువును వెనక్కి లాగి విశాలమైన గదిలోకి రప్పించడం యుద్ధంలో సగం.

మరో ఎత్తు తలుపు. పైనుంచి కిందికి దిగే తలుపు కింద శత్రువు నిలబడగానే మీట నొక్కితే అది వాడి నెత్తిన పడి లేచి మళ్లీ పడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. తలుపు బరువైనది, కింద ఉన్నవాడికి దెబ్బ తగులుతుంది, అంతే. నేలమాళిగలోని వస్తువులన్నీ ఇలా నమ్మదగ్గ నియమాలతో నడుస్తాయి. నేల మీటపై నిలబడితే తలుపు తెరుచుకుంటే, అదే మీటపై రాయి పెట్టినా తెరుచుకునే ఉంటుంది. గోతికి అవతలున్న మీట మీదికి వస్తువును విసిరినా పని జరుగుతుంది. తయారీదారుడు అనుకున్న జవాబు కాకపోయినా, నియమం ఒప్పుకుంటే ఆట ఒప్పుకుంటుంది. పొడుపుకథలకు ఇంత మర్యాద ఇచ్చిన ఆటలు ఆ రోజుల్లో అరుదు.

ఆకలి, దాహం, వెలుతురు కూడా గడియారంతో పాటే కరుగుతాయి. కాగడా కొద్దికొద్దిగా మసకబారి గోడలు చీకట్లో కలిసిపోతాయి. తోలు సంచుల్లో నీళ్లు నింపుకోవడానికి అక్కడక్కడా గోడకు ఊటలుంటాయి. చంపిన పురుగు మాంసం, స్క్రీమర్ అనే పుట్టగొడుగు లాంటి ప్రాణి ముక్కలు తిండికి పనికొస్తాయి. గిగ్లర్ అనే చిన్న ప్రాణి నవ్వుకుంటూ వచ్చి చేతిలోని వస్తువు లాక్కుని పరుగెడుతుంది. దాని వెంటపడి తెలియని దారుల్లో చిక్కుకుపోయేవాళ్లు చాలామంది.

విద్య వాడకంతో పెరుగుతుంది. ఫైటర్, నింజా, ప్రీస్ట్, విజార్డ్ అని నాలుగు విద్యలున్నాయి. కత్తి తిప్పితే మొదటిది, విసిరితే రెండోది, మందులు కాస్తే మూడోది, అగ్గి మంత్రాలు వేస్తే నాలుగోది. ఏ వీరుడైనా నాలుగూ నేర్చుకోవచ్చు. ఖాళీ దారిలో గోడకేసి కత్తులు విసురుతూ సాధన చేయించినా ఫలితం ఉంటుంది.

మంత్రాలు

మంత్రవిద్య ఈ ఆటలో అన్నిటికంటే అందంగా కుదిరిన భాగం. మొత్తం 24 గుర్తులు, ఆరేసి చొప్పున నాలుగు వరుసలు. మొదటి వరుస బలం: లో, ఉమ్, ఆన్, ఈ, పాల్, మాన్. తర్వాతి వరుసలు పంచభూతాల వంటి శక్తి, ఆకారం, స్వభావం. బలం గుర్తు తర్వాత ఫుల్ అంటే వెలుగు. ఫుల్ తర్వాత ఇర్ కలిపితే నిప్పు బంతి. జో అంటే తలుపు తెరుచుకుంటుంది. చేతిలో ఖాళీ సీసా పట్టుకుని వి అంటే గాయాలు మాన్పే మందు తయారవుతుంది. బలం పెరిగేకొద్దీ ఖర్చయ్యే మంత్రశక్తీ పెరుగుతుంది. అనుభవం చాలకపోతే మంత్రం విఫలమై, ఇంకా సాధన కావాలని తెర చెబుతుంది.

కొన్ని మంత్రాలు నేలమాళిగలో దొరికే చుట్టల్లో రాసి ఉంటాయి. అయితే చుట్ట దొరకాలన్న నియమం లేదు. గుర్తుల వరుస తెలిసినా, తోచినా మొదటి అంతస్తులోనే వేసి చూడవచ్చు. జ్ఞానం వీరుడి సంచిలో కాక ఆటగాడి తలలో ఉంటుంది. కాలం ఆగదు కాబట్టి శత్రువు మీదికొస్తుండగా గుర్తులు ఒక్కొక్కటే నొక్కడం కష్టం. అందుకని నేర్పరులు గుర్తులను ముందే పేర్చిపెట్టుకుని, మూల తిరిగాక ఆఖరి నొక్కు మాత్రం నొక్కుతారు.

చివరి ఘట్టం

మాన్యువల్ చెప్పినట్టే ఫైర్‌స్టాఫ్ తీసుకుని లార్డ్ ఆర్డర్ దగ్గరికి తిరిగొస్తే ఆట గెలిచినట్టు కాదు. అతడు దండాన్ని పుచ్చుకుని దండు మొత్తాన్ని కాల్చేస్తాడు. లోపలి చుట్టలను చదివినవాళ్లకే అసలు దారి తెలుస్తుంది. జో కాథ్ రా అనే మంత్రంతో పవర్ జెమ్‌ను విడిపించి ఫైర్‌స్టాఫ్‌తో కలపాలి. ఆ తర్వాత కేయాస్‌ను చంపకూడదు, బంధించాలి. కలిపిన దండం ఫ్లక్స్ కేజ్ అనే వెలుగు పంజరాన్ని ఎదుటి గడిలో నిలుపుతుంది. కేయాస్ పారిపోతూనే ఉంటాడు. పక్కనున్న ఏ గడిలోకీ అతడు జరగలేనట్టు పంజరాలు పెట్టగలిగితే, ఎదురుగా నిలిచి చీలిన రెండు సగాలనూ ఒక్కటి చేయవచ్చు. అప్పుడు గ్రే లార్డ్ తిరిగి లేస్తాడు. చదరంగంలో రాజుకు దారులన్నీ మూసినట్టే ఈ గెలుపు కూడా గళ్ల మీదే తేలుతుంది.

ఆదరణ, వారసత్వం

మొదటి ఏడాదే 40,000 ప్రతులు అమ్ముడై, అటారీ ఎస్‌టీపై ఎక్కువగా అమ్ముడైన ఆటగా నిలిచింది. 1988లో అమీగాకు, తర్వాత ఇతర యంత్రాలకు వెళ్లింది. సూపర్ నింటెండో రూపంలో బొమ్మలను మార్చిచూపడానికి క్యార్ట్రిడ్జ్‌లో డీఎస్‌పీ-2 అనే ప్రత్యేక చిప్ పెట్టారు. ఆ చిప్ వాడిన ఆట ఇదొక్కటే. 1989లో వచ్చిన కేయాస్ స్ట్రైక్స్ బ్యాక్ మొదటి ఆటలో ఆరితేరిన వీరుల కోసం చేసింది, చాలా కఠినమైనది. రెండో డంజన్ మాస్టర్ ఆలస్యమై, పాశ్చాత్య దేశాలకు 1995లో గానీ చేరలేదు. 1996లో ఎఫ్‌టీఎల్ మూతపడింది.

ఆలోపే ఇతరులు ఈ దారి పట్టారు. వెస్ట్‌వుడ్ తయారు చేసిన ఐ ఆఫ్ ది బిహోల్డర్ (1991) తెరను చూస్తే డంజన్ మాస్టర్ పోలిక వెంటనే తెలుస్తుంది. 1992లో అల్టిమా అండర్‌వరల్డ్ గళ్లు లేకుండా ఎటైనా నడిచే నేలమాళిగను చూపించింది. మరుసటి ఏడు అలాగే ఎటైనా నడిచే డూమ్ అనే ఆట వచ్చింది. గళ్లలో నడిచే ఆటలు పాతబడినట్టు కనిపించాయి.

జపాన్‌లో మాత్రం ఆ తరహా పోలేదు. అట్లస్ సంస్థ 2007లో నింటెండో డీఎస్ కోసం తెచ్చిన ఏట్రియన్ ఒడిస్సీ, కింది తెరపై ఆటగాడి చేతే మ్యాపు గీయించింది. అందులో దండు ఒక అడుగు వేస్తే పెద్ద శత్రువులూ ఒక అడుగు వేస్తాయి. డంజన్ మాస్టర్‌కు నేరుగా వారసత్వం చెప్పుకోదగ్గది లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్. ఫిన్లాండ్‌లో ఆల్మోస్ట్ హ్యూమన్ అనే నలుగురి బృందం చేసిన ఈ ఆట 2012 ఏప్రిల్‌లో విడుదలైంది. ఏ కోణంలోనైనా గోడ గీయగల కంప్యూటర్లు ఇంటింటా ఉన్న కాలంలో వాళ్లు కావాలనే గడి కదలికను, పక్క అడుగును, గుర్తులు నొక్కి వేసే మంత్రాలను నిలుపుకున్నారు. మ్యాపు సాయం వద్దనుకునేవాళ్లకు దాన్ని తీసేసే పద్ధతి కూడా పెట్టారు. ఈ ఆటకు రెండో భాగం 2014లో వచ్చింది.

పాత ఆటను కాపాడే పని అభిమానులు చేస్తున్నారు. కేయాస్ స్ట్రైక్స్ బ్యాక్ అటారీ ఎస్‌టీ ప్రోగ్రామ్‌ను విడదీసి చదివి, ఇప్పటి కంప్యూటర్లపై నడిచేలా సీఎస్‌బీవిన్ పేరుతో విడుదల చేశారు. దానిపై డంజన్ మాస్టర్ కూడా ఆడవచ్చు, సొంతంగా కొత్త నేలమాళిగలు కట్టుకుని వాటినీ నడిపించుకోవచ్చు.