రౌటర్ మార్చాలా? ముందు మా తాతయ్య రేడియో లైసెన్స్ కథ వినండి

పోయిన వారం ఎపిసోడ్ ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. కారణం చిన్నదే. మా ఇంట్లో రౌటర్ పోయింది. గోపాలపట్నంలో ఆ సాయంత్రం ఒక పెద్ద ఉరుము, కరెంటు ఒకసారి పోయి వచ్చింది, అంతే, డబ్బాలో ఒక్క లైటు కూడా వెలగలేదు. అమ్మ వచ్చి చూసి "ఏటయినాదిరా దీనికి, పోనాదా?" అంది. పోయిందమ్మా, కొత్తది కొంటానన్నాను. "అయితే ఈసారి కరెంటు పోయినా పనిచేసేది కొను" అంది.

నేను బీటెక్ చదివాను, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. యాంటెన్నాలు ఎన్ని, స్పీడ్ ఎంత అనే చూస్తాను తప్ప ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. అమ్మకి ఎందుకొచ్చిందో తర్వాత చెప్తాను. ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

మా తాతయ్యది అనకాపల్లి. 1963లో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాక రేడియో కొన్నాడట. రేడియోతో పాటు ఒక చిన్న పుస్తకం. రేడియో లైసెన్స్. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. పాటలు వినడానికి లైసెన్సేంటి అని మీకు నవ్వు రావచ్చు. కానీ 1933లో వచ్చిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉంచుకోవాలన్నా లైసెన్స్ ఉండాలి. ఇళ్లల్లో రేడియోలకి ఆ బాధ 1980ల్లో గానీ పోలేదు.

ఇప్పుడు ఆలోచించండి. తాతయ్య రేడియో వినడం మాత్రమే చేసేది. మన రౌటర్ వింటుంది, మాట్లాడుతుంది కూడా. అంటే అది ఒక బుల్లి రేడియో స్టేషన్. మరి దానికి లైసెన్స్ ఎందుకు అడగట్లేదు?

దీని మూలం వంటింట్లో ఉంది. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని రేడియో తరంగాలు పంచుకున్నాయి. అప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ముక్కని వేడి చేసే యంత్రాలకీ, వైద్య పరికరాలకీ వదిలేశారు. మైక్రోవేవ్ ఓవెన్ వాడేది ఆ ముక్కనే. అంత రొదలో ఎవరు మాట్లాడతారులే అని దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1985లో అమెరికా ఎఫ్‌సీసీ, తక్కువ పవర్‌తో అయితే ఇక్కడ లైసెన్స్ లేకుండానే మాట్లాడుకోండి అంది. దాన్ని ముందుగా అందుకున్నవాళ్లలో ఒకరు ఎన్‌సీఆర్ కంపెనీ, అంటే షాపుల్లో క్యాష్ కౌంటర్ యంత్రాలు చేసేవాళ్లు. షాపు సర్దినప్పుడల్లా వైర్లు మళ్లీ లాగడం వాళ్లకి తలనొప్పి. నెదర్లాండ్స్‌లో వాళ్ల ఇంజినీర్లు చేసిన వేవ్‌ల్యాన్ నుంచే వై-ఫైకి దారి పడింది. 802.11 స్టాండర్డ్ 1997లో వచ్చింది. 1999లో 802.11బి, అదే ఏడాది వై-ఫై అన్న పేరు. ఆ పేరు పెట్టింది ఇంటర్‌బ్రాండ్ అనే బ్రాండింగ్ కంపెనీ. "వైర్‌లెస్ ఫిడెలిటీ"కి పొట్టి పేరు అని మనకి ఎగ్జామ్స్‌లో రాయించారు చూడండి, అది తర్వాత అతికించిన అర్థం. (హాలీవుడ్ నటి హెడీ లమార్ వై-ఫై కనిపెట్టిందనే రీల్ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. 1942లో ఆమెకి ఫ్రీక్వెన్సీ హాపింగ్ మీద పేటెంట్ వచ్చిన మాట నిజం. కానీ ఇళ్లల్లోకి వచ్చిన 802.11బి ఆ పద్ధతి వాడలేదు.)

మన దేశానికి వద్దాం. 2005 జనవరి 14న బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. అప్పటి లెక్కలో 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండే. సరిగ్గా రెండు వారాలకి, జనవరి 28న, కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. నన్నడిగితే మన ఇంటి ఇంటర్నెట్ చరిత్రలో అసలు నెల ఆ జనవరే. ఇంటికి వైరు వచ్చింది, గాల్లో మాట్లాడుకోవడానికి అనుమతీ వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ మొత్తం బయట కూడా వాడుకోవచ్చని చెప్పింది 2018 అక్టోబర్‌లో. 6 గిగాహెర్ట్జ్ కింది భాగానికి 2025 మేలో డ్రాఫ్ట్ రూల్స్ పెట్టారు. కాబట్టి వై-ఫై 7 అని ఎవరైనా ఖరీదైన డబ్బా చూపిస్తే, అందులో 6 గిగాహెర్ట్జ్ ఉందా, ఉన్నా ఇక్కడ పనిచేస్తుందా అని అడగండి. వై-ఫై 7 అని రాసి ఉన్నవాటిలో రెండు బ్యాండ్లే ఉన్నవీ ఉన్నాయి.

ఇక మా ఇల్లు. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. 1998లో ఇల్లు కట్టినప్పుడు స్లాబుకి మా ప్లాంట్ ఊచలే వేయించానని ఇప్పటికీ వచ్చిన చుట్టానికల్లా చెప్తారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ, ఆ గర్వం అర్థం చేసుకోవచ్చు. కానీ నా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి ఆ స్లాబే శత్రువు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు, స్లాబులు సిగ్నల్‌ని ఎక్కువ మింగేస్తాయి. 2.4 కొంచెం దూరం పోతుంది గానీ పక్కింటి వాళ్లందరి రౌటర్లూ అక్కడే అరుస్తుంటాయి. నాలుగు యాంటెన్నాలు కాదు, ఎనిమిది ఉన్నా ఊచల స్లాబు దాటించడం కష్టం. దీనికి మందు, పైకి ఒక ల్యాన్ వైరు లాగి అక్కడ రెండో డబ్బా పెట్టడమే. 2025 అక్టోబర్‌లో గూగుల్ వైజాగ్‌లో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానంది, సముద్రం కింది కేబుళ్లు కూడా ఇక్కడికే తెస్తానంది. సముద్రం దాటి వచ్చిన డేటా మా మేడ మెట్లు ఎక్కలేకపోతోంది!

ఇప్పుడు అమ్మ ప్రశ్న.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. నాకప్పుడు ఇంటర్. నాన్న శనివారం రాత్రి సి షిఫ్ట్‌కి వెళ్లారు, పొద్దున రావాలి. మధ్యాహ్నానికి తుఫాను నేరుగా ఊరి మీదే తీరం దాటింది. కరెంటు స్తంభాలు పడ్డాయి, చెట్లు పడ్డాయి, సెల్ టవర్లు ఆగిపోయాయి. మా ఇంట్లో మూడు ఫోన్లు, మూడింట్లోనూ సిగ్నల్ లేదు. అమ్మ ఆ రాత్రంతా వీధి గుమ్మంలో కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. సోమవారం సాయంత్రం నాన్న కూర్మన్నపాలెం నుంచి కొంత నడిచి, కొంత ఎవరిదో లారీ ఎక్కి, మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. అమ్మ మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లి ఏడ్చింది. అందుకే ఆమెకి నెట్ అంటే సినిమాలు కాదు. ఉన్నాను అని ఒక్క మాట చేరడం.

ఆ తుఫాను తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో ఊళ్లో చాలాచోట్ల కరెంటు తీగల్ని భూమిలోకి దించారు. ఇంటర్నెట్ మాత్రం స్తంభాల మీదే నడిచింది. ఏపీ ఫైబర్‌నెట్ ఖర్చు తగ్గించడానికి కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ మన వైజాగ్‌లోనే. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. మొదటి ప్యాకేజీ నెలకి 149 రూపాయలు. స్తంభం మీద వేయడం తప్పంటారా? నేననను. భూమి తవ్వుతూ కూర్చుంటే ఆ ధరకి ఆ ఊళ్లకి అంత త్వరగా చేరేది కాదు. కాకపోతే స్తంభం పడితే తీగా పడుతుంది, అది ఒప్పుకుని కొనుక్కోవాలి.

ఫైబర్‌లో ఒక మంచి గుణం ఉంది. మామూలు ఇంటి కనెక్షన్‌లో ఆపరేటర్ ఎక్స్ఛేంజ్ నుంచి మన ఇంటిదాకా మధ్యలో ఉండే స్ప్లిటర్లకి కరెంటే అక్కర్లేదు. వెలుగు దానంతట అది చీలిపోతుంది. అటు చివర ఆపరేటర్‌కి బ్యాకప్ ఉండి, ఇటు చివర మన రెండు డబ్బాలకి కరెంటు ఉంటే, వీధంతా చీకటైనా నెట్ నడుస్తుంది. రెండు డబ్బాలు అని ఎందుకన్నానంటే, చాలామంది రౌటర్‌కే యూపీఎస్ పెట్టి, ఫైబర్ వచ్చి దూరే ఓఎన్‌టీని మర్చిపోతారు. నేనూ మర్చిపోయినవాణ్ణే.

ద్వారకానగర్ వెళ్లాను. షాపతను ఏసీ1200 తీసుకోండి, చవక అన్నాడు. ఆ 1200 అంటే 300, 867 రెండూ కూడి రౌండ్ చేసిన అంకె. ఒక్క ఫోన్‌కి అంత ఎప్పుడూ రాదు. పైగా వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, మా ప్లాన్ 200. వద్దన్నాను. వై-ఫై 6, ఏఎక్స్3000, గిగాబిట్ పోర్టులు, డబ్ల్యూపీఏ3 ఉన్నది తీసుకున్నాను. అన్నిటికంటే ముందు అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉందో లేదో చూశాను, ఎందుకంటే మినీ యూపీఎస్‌లు ఎక్కువగా దానికే సరిపోతాయి. ఆయన నన్ను కొంచెం వింతగా చూశాడు. యూపీఎస్ మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంది, అది లోపలి 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే 37 వాట్ అవర్లు. రెండు డబ్బాలూ కలిపి పది వాట్లు తాగితే, నష్టాలు పోను మూడు గంటల లోపే.

ఇంటికొచ్చి అన్నీ బిగించి, పాత డబ్బా ఉన్న బీరువా మీద కాకుండా హాల్లో గోడకి పెట్టాను. నాన్న హైదరాబాద్‌లో చెల్లి దగ్గర ఉన్నారు. అమ్మ ఆయనకి వీడియో కాల్ చేసింది. నేను వెళ్లి మెయిన్ ఆఫ్ చేశాను. ఫ్యాన్ ఆగింది, లైట్లు పోయాయి, నాన్న మాత్రం స్క్రీన్ మీద అలాగే ఉన్నారు. "ఏమే, చీకట్లో కూర్చున్నావేంటి?" అన్నారు. "ఊరికే, చూస్తన్నాం" అంది అమ్మ. రెండు గంటల నలభై నిమిషాలకి డబ్బాలు ఆరిపోయాయి. అప్పటికి వాళ్లిద్దరూ మాట్లాడటం ముగించి గంటన్నర అయింది, కానీ అమ్మ మాత్రం ఆ పచ్చ లైటు ఆరేదాకా హాల్లోనే కూర్చుంది.