డోమ్ సాల్వడోర్: మరుగున పడిన రికార్డులు, మరుగున పడని వాద్యకారుడు

బ్రెజిల్ పియానో, కీబోర్డు వాద్యకారుడు డోమ్ సాల్వడోర్ 1938లో సావ్ పాలో రాష్ట్రంలోని రియో క్లారోలో జన్మించారు. జాజ్ ఫ్యూజన్ చరిత్రల్లో ఆయన పేరు చాలాకాలం పాటు కనబడలేదు. 1971లో తన బృందం అబొలిసావ్‌తో కలిసి సీబీఎస్ కంపెనీకి చేసిన ‘సోమ్, సాంగీ ఇ రాసా’ (శబ్దం, రక్తం, జాతి) అనే ఎల్పీ, డీజేలు, పాత రికార్డుల సేకరణకర్తల చేతుల మీదుగా తిరిగి వెలుగులోకి వచ్చింది. అప్పటినుంచి ఆయనను ‘కనుమరుగైన మేధావి’గా చిత్రించడం రివాజైంది. ఈ చిత్రణ పరిశీలనకు నిలవదు. కనుమరుగైనవి రికార్డులు. ఆయన 1977 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ వంతెన కిందనున్న రివర్ కెఫేలో, భోజనానికి వచ్చినవాళ్ల ముందు పియానో వాయిస్తూ వచ్చారు.

ఆయన తొలి గుర్తింపు రియో డి జనీరోలోని కోపకబానాలో మొదలైంది. అక్కడి బెకో దాస్ గరాఫాస్ అనే ఇరుకు సందులో చిన్నచిన్న నైట్‌క్లబ్బులుండేవి. రాత్రి గోల భరించలేక పైఅంతస్తులవాళ్లు సీసాలు విసిరేవారు కనుక దానికి ‘సీసాల సందు’ అని పేరు పడింది. సాల్వడోర్ అక్కడ కోపా త్రయంలో వాయించారు. ఆ త్రయంలో డ్రమ్మర్ డోమ్ ఊమ్ రోమావ్. తర్వాతి దశాబ్దంలో రోమావ్ వెదర్ రిపోర్ట్ బృందంలో చేరి ఫ్యూజన్ శ్రోతలందరికీ పరిచయమయ్యారు. అదే త్రయంలోని పియానిస్టు ఆ శ్రోతలకు తెలియకుండానే ఉండిపోయారు. 1965లో డ్రమ్మర్ ఎడిసన్ మషాడో, బాస్ వాద్యకారుడు సెర్జియో బరోసోలతో రియో 65 త్రయం ఏర్పడింది. సాంబా లయను రైడ్ సింబల్ పళ్లెం మీదికి తెచ్చిన ఘనత మషాడోకే దక్కింది. ఆయన పక్కన వాయించే పియానిస్టుకు ఎడమచేయి కూడా లయవాద్యమే కావలసి ఉంటుంది. సాల్వడోర్ వాదనంలో ఆ అలవాటు తర్వాత కూడా నిలిచింది.

1970 నాటికి పరిస్థితి మారింది. 1964 సైనిక కుట్ర, 1968 డిసెంబరులో వచ్చిన ఐదో సంస్థాగత శాసనం పాటల మీద సెన్సారు పట్టును బిగించాయి. అమెరికా నుంచి సోల్, ఫంక్ సంగీతం రియో శివార్లలోని నల్లజాతి యువతకు చేరింది. ఈ నేపథ్యంలో సాల్వడోర్ తన బృందానికి అబొలిసావ్ అని పేరు పెట్టారు. బానిసత్వ రద్దు అని అర్థం. 1888లో, అమెరికా ఖండాల్లో అన్ని దేశాలకంటే ఆఖరున, బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది. దేశంలో జాతి వివక్ష లేనే లేదన్నది ప్రభుత్వ వాదనగా ఉన్న రోజుల్లో ఆ పేరు పెట్టడమే ఒక ప్రకటన. 1970 అంతర్జాతీయ గీతోత్సవంలో వారు వినిపించిన పాట పేరు ‘అబొలిసావ్ 1860–1980’. రద్దు ఇంకా పూర్తికాలేదన్న సూచనను ఆ రెండో సంవత్సరంలో చదువుకోవచ్చు.

ఆల్బమ్‌లోని అసలు పని లయలో ఉంది. సాంబాది రెండు దెబ్బల నడక. సుర్దో అనే పెద్ద డోలు రెండో దెబ్బ మీద బరువుగా మోగుతుంది. ఫంక్‌లో నాలుగు దెబ్బల ఆవర్తం, బరువంతా మొదటి దెబ్బ మీద. ఒకదాని బరువు పడేచోట రెండోది తేలిపోతుంది. అయితే రెండింటిలోనూ ప్రతి దెబ్బా నాలుగు భాగాలుగా విడుతుంది. అబొలిసావ్ బృందం ఆ చిన్న భాగాల దగ్గరే రెండింటినీ అతికించింది. పైన బాకాలు, కోరస్ గొంతులు. కింద డ్రమ్స్, బాస్. మధ్యలో పియానో తెగ్గొట్టిన స్వరసంఘాలతో అతుకు కనబడనివ్వదు. మూలవస్తువులు కూడా ఒకే చోటివి కావు. ‘ఫోలియా దె హేయిస్’ అనే పాట పేరు జనవరిలో ముగ్గురు రాజుల పండుగకు ఊరూరా తిరిగే జానపద మేళాలది. ‘గ్వనబారా’ రియో నగరమే రాష్ట్రంగా ఉన్ననాటి పేరు. 1975లో ఆ రాష్ట్రం రద్దయింది.

ఆల్బమ్ మరుగున పడటానికి ఒక కారణం వర్గీకరణ. సాంబా వినేవారికి అందులో సోల్ ఎక్కువ, జాజ్ వినేవారికి పాట ఎక్కువ. అంతకంటే పెద్ద కారణం 1973లో సాల్వడోర్ న్యూయార్క్ వెళ్లిపోవడం, బృందం చెదిరిపోవడం. శాక్సఫోన్ వాద్యకారుడు ఒబెర్దాన్ మగల్యాయిస్, ట్రంపెట్ వాద్యకారుడు బరోజిన్యో తర్వాత బండా బ్లాక్ రియోలో కలిశారు. ఆ బృందం 1977లో తెచ్చిన ‘మరియా ఫుమాసా’ ప్రసిద్ధి పొందడంతో అబొలిసావ్ దానికి ముందుమాటగా మిగిలింది. ఇది సరైన అంచనా కాదు. ‘మరియా ఫుమాసా’ పూర్తిగా వాద్య సంగీతం, నునుపు తేలినది. అబొలిసావ్‌లో గొంతులున్నాయి, మాటలున్నాయి, వాటి వెనుక వాదం ఉంది. ‘మరియా ఫుమాసా’ వినడానికి అబొలిసావ్ మెట్టు కానక్కర్లేదు.

న్యూయార్క్ కాలపు రికార్డులను వెతకడం మరింత కష్టం. అట్టమీద ఆయన పేరున్నవి తక్కువ. 1976లో మ్యూజ్ కంపెనీ తెచ్చిన ‘మై ఫ్యామిలీ’ వాటిలో ఒకటి. మిగతా పని ఇతరుల ఆల్బముల వెనుక అట్టమీద చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. వేణువాద్యకారుడు లాయిడ్ మెక్‌నీల్ ‘ట్రెజర్స్’, శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ రౌజ్ ‘సినమన్ ఫ్లవర్’ అలాంటివే. గాయకుడు హ్యారీ బెలఫాంటేకు ఆయన సంగీత దర్శకుడిగానూ పనిచేశారు. నాయకుడి పేరుతో సూచికలు తయారుచేసే పద్ధతిలో ఇటువంటి వాద్యకారుడి సగం జీవితం జారిపోతుంది. మెక్‌నీల్ రికార్డులు పునర్ముద్రణ పొందినప్పుడు కూడా వాటిని కొన్నవారిలో చాలామంది అందులోని పియానోను అబొలిసావ్‌తో ముడిపెట్టి ఉండరు.

పునర్ముద్రణలు ఎక్కువగా 1971 ఎల్పీ చుట్టూనే తిరుగుతున్నాయి. నృత్యవేదికకు పనికొచ్చే పాటలకు గిరాకీ ఉంటుంది కనుక ఇది సహజమే. అయితే సాల్వడోర్ స్వరకర్త అన్న సంగతి దానితో వెనక్కి పోతుంది. ఆ లోటును కొంత పూడ్చింది వాద్యకారులే: డ్రమ్మర్ దుదూకా దా ఫోన్సెకా తన త్రయంతో 2018లో మొత్తం సాల్వడోర్ రచనలతోనే ఒక ఆల్బమ్ చేశారు. అందులో పాతవాటిని పాత తీరులో తిరిగి వాయించడం లేదు. కొత్త పియానిస్టు చేతిలో అవే రచనలు మామూలు జాజ్ త్రయం సరంజామాగా నడుస్తాయి.