లారీ కింద మా చరిత్ర

మా చరిత్ర ఏదంటే కొందరు చార్మినార్‌ను చూపిస్తారు. కాస్త కోపంగా ఉన్నవాళ్లు రజాకార్లను చూపిస్తారు. నవాబులమూ రజాకార్లమూ కాని మేము ఎక్కడున్నాం? లారీల కింద ఉన్నాం. గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పడుకుని, కళ్లల్లో మట్టి రాలకుండా మొహం పక్కకు తిప్పుకుని పని చేస్తున్నాం.

అమీర్‌పేట పేరు అమీర్ అలీ అనే జాగీర్దారుదంటారు. పంజాగుట్టలో పంజా అంటే పీర్ల పండక్కి కనిపించే చెయ్యి, గుట్ట మాత్రం తెలుగు. బోర్డుల మీద పేర్లు మిగిలాయి. ఆ పేర్ల కింద చెమటోడ్చినవాళ్ల సంగతి బోర్డులు చెప్పవు.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అవి స్కాట్లాండ్ ఆల్బియన్ బండ్లు. బండి సముద్రం దాటి వచ్చినా బాగుచేసే చెయ్యి ఇక్కడిదే కావాలి కదా! బగ్గీ కమాన్లు కొట్టిన కొలిమికి బస్సు కమాను కొత్తేమీ కాదు. పొడుగు పట్టీ కింద పొట్టి పట్టీ, దాని కింద ఇంకా పొట్టిది. బరువు పెరిగిందంతే.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. జాగీర్లు పోవడం మంచిదే, మేమూ వాటి కింద నలిగినవాళ్లమే. కానీ జాగీర్దారుకు పరిహారం లెక్కగట్టారు. ఆయన వంటవాడు, గుర్రాల సాయీసు, దర్వాజా దగ్గర జవాను ఏ లెక్కలోనూ లేరు. అలాంటి ఇళ్ల పిల్లలం చిన్నప్పుడే పానాలు పట్టాం.

పంజాగుట్ట షెడ్డులో మా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం పాత టాటా లారీ ముందు చక్రం. ముందు యాక్సిల్ ఒకటే ఇనుప దూలం. దాని కొసల్లో నిలువుగా దిగే ఉక్కు కడ్డీ కింగ్ పిన్. స్టీరింగ్ తిప్పితే చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. లోపలి బుష్ అరిగితే చక్రం వణుకుతుంది, టైరు ఒక పక్కే తినేస్తుంది. జాకీ ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే వెంటనే కింగ్ పిన్ అనుకోకూడదు. ఒకర్ని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కినప్పుడు ఊపు ఆగితే బేరింగ్ లూజు. ఆగకపోతే "పిన్ ఘిస్ గయా" అనేవాడు ఉస్తాద్. ఏ పుస్తకమూ చదవకుండానే!

తుప్పు పట్టిన పిన్ ఊరికే రాదు. లాక్ పిన్ తీసి, రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టి, పొద్దున్నే సమ్మెట వేయాలి. కొత్త ఇత్తడి బుష్ కొట్టేటప్పుడు దాని కన్నం, గ్రీజు నిప్పల్ కన్నం ఒకదానికొకటి కలవాలి. కలవకపోతే గ్రీజు లోపలికి పోదు, కొన్ని నెలలకే మళ్లీ అరుగుతుంది. తర్వాత రీమర్ తిప్పాలి, కొంచెం కొంచెంగా. పిన్ బొటనవేలి ఒత్తిడికి దిగాలి, వదిలితే జారకూడదు. ఆ కొలత ఉస్తాద్ వేలికి తెలుసు. కమాన్లో మెయిన్ పట్టీ విరిగితే మార్చాలి తప్ప అతికించకూడదని, అతికిస్తే పాపమని కూడా అనేవాడు. ఆ మాట మీద ఎన్నో బేరాలు పోగొట్టుకున్నాడు.

లారీ మీద దేవుడి బొమ్మ, బంపరుకు నిమ్మకాయలు, కింద మేము. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు డ్రైవరు ప్రాణం మేం దించిన పిన్ను మీదే ఆధారపడేది. ఆ నమ్మకానికి మతం అడ్డం రాలేదు. 1990 డిసెంబర్ అల్లర్లలో మాత్రం పాతబస్తీ కర్ఫ్యూ దాటి షెడ్డుకు రాలేకపోయాం. రోజు కూలీకి సెలవు జీతం ఉండదు. తర్వాత అప్పు కోసం ఒక బ్యాంకుకు పోతే ఉస్తాద్‌ను చదువెంతని అడిగారు. ముప్పై ఏళ్ల పనికి కాయితం ఎక్కడుంది?

స్థలం ధర పెరిగింది, షెడ్డు పోయింది. పెద్ద బండ్లు ఊరి బయటికి తరలిపోయాయి. అమీర్‌పేట కంప్యూటర్ కోర్సుల పేట అయింది. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది. మా పిల్లలు కొందరు ఆ కోర్సుల్లోనే ఫీజు కట్టి కూర్చున్నారు. కొందరు షోరూముల్లో వాషింగ్ దగ్గర ఆగిపోయారు.

ఉస్తాద్ పోయాక రీమర్ మాకిచ్చారు. గ్రీజు రాసి, పాత లుంగీ గుడ్డలో చుట్టి దాచాం. ఇప్పటికీ ఎవరైనా పాత లారీ తెస్తే, ముందు బ్రేకు తొక్కమని చెప్పి టైరు దగ్గర కూర్చుంటాం.