జాలవార్తా స్రవంతి – పుట్టుక, నిలుకడ

వెబ్‌సైట్లలోని నూతన విషయములను మాటిమాటికి వెదకకయే ఎఱుగుటకు ఏర్పడిన సాధనము ఫీడు. శీర్షికలు, లంకెలు, సంగ్రహములు కూర్చిన యీ పట్టికను పాఠకుని యంత్రమే నియతకాలములందు తెచ్చుకొనును.

1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ ఆర్‌ఎస్‌ఎస్ తొలి రూపమును వెలువరించెను. డాన్ లిబ్బీ, రామనాథన్ గుహ దాని రూపకర్తలు. 2000 డిసెంబరు నాటికి రెండు శాఖలేర్పడి, ఆ మూడక్షరముల అర్థమునందే భేదము పొడసూపెను. ఈ వివాదమును దాటుటకై పుట్టిన ఆటమ్ 2005 డిసెంబరులో ప్రమాణమయ్యెను. ఆర్‌ఎస్‌ఎస్ మాత్రము తొలగిపోలేదు.

2013 జూలైలో గూగుల్ రీడరు మూతపడగా ఫీడులకు అంత్యకాలము వచ్చెనని పలువురు తలచిరి. కాని మూతపడినది పఠనసాధనమొక్కటే. రూపము ఏ యొక్క సంస్థకును సొత్తు కానందున, పాఠకులు తమ జాబితాలతో అన్యసాధనములకు తరలిరి. పాడ్‌కాస్టులు నేటికిని ఈ మార్గముననే చేరుచున్నవి. ఏది చదువవలెనో నిర్ణయించు అధికారము పాఠకునియందే నిలుచుట యీ చరిత్రలోని ముఖ్యాంశము.