అద్దంకి తరువోజలో క్రియారూపాలు: అక్షరవిభజన, ఊనిక

తెలుగును నికోలో డి కాంటి ‘తూర్పు ఇటాలియన్’ అన్నాడని పరంపరగా చెప్పుకొంటున్నాం. పదాంతంలోని అచ్చే ఈ పోలికకు ఆధారం. నా దృష్టిలో అసలు విశేషం పదమధ్యంలో, ముఖ్యంగా క్రియారూపాలలో ఉంది. ముండ్లమూరుకు పొరుగునున్న అద్దంకిలో లభించిన పండరంగని శాసనం దీని పరిశీలనకు అనువైనది. గుణగ విజయాదిత్యుని సేనాని పేర వెలసిన ఈ శాసనం సా.శ. 848 నాటిదని పండితులు నిర్ణయించారు. నన్నయకు రెండు శతాబ్దాల ముందటి తరువోజ ఇందులో ఉంది.

ఇటాలియన్‌లో ‘పార్లో’ అన్నప్పుడు ఊనిక తొలి అక్షరంపై పడితే ‘మాట్లాడుతాను’ అని, చివరి అక్షరంపై పడితే ‘మాట్లాడాడు’ అని అర్థం. తెలుగులో ఊనికకు ఈ శక్తి లేదు. ఇక్కడ అర్థభేదాన్ని మాత్ర చూపుతుంది: ‘వచ్చె’ సమాపకక్రియ, ‘వచ్చే’ విశేషణం. ఇటాలియన్‌లో ఊనిక లేని మధ్యాచ్చు కొన్ని క్రియలలో లోపించింది. లాటిన్ ‘పోనెరె’ ఇటాలియన్‌లో ‘పొర్రె’ అయి, మూడక్షరాలు రెండయ్యాయి.

తరువోజ పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అనే క్రమం రెండుసార్లు వస్తుంది. శాసనపద్యం మూడో పాదం చివర ‘నిల్పి’, నాలుగో పాదం నడుమ ‘సేసి’, చివర ‘మెచ్చి’ సూర్యగణ స్థానాలలో ఉన్నాయి. మూడూ క్త్వార్థకాలే. లిపిలో ‘మె-చ్చి’గా విడే పదం ఉచ్చారణలో ‘మెచ్-చి’గా విడుతుంది, ఇటాలియన్ ‘మెత్తో’ కూడా ‘మెత్-తో’ అనే విడుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అనే మన నియమం లిపిని కాక చెవిని అనుసరించింది.

‘నిల్పి’ని ఛందస్సు కోసం కుదించిన రూపమని తోసిపుచ్చటం సులువు. కాని సూర్యగణాలు రెండే: నగణం, హగణం. ‘నిలిపి’ నగణం, ‘నిల్పి’ హగణం; రెండింటికీ మూడేసి మాత్రలు. అది పాదాంతగణం కనుక యతిప్రాసల నిర్బంధమూ లేదు. ‘నిలిపి’ నిరాక్షేపంగా ఇమిడే చోట కవి ‘నిల్పి’ని ఎంచుకొన్నాడు. అంటే మధ్యాచ్చు లోపించిన రూపం అప్పటికే భాషలో ఉన్నదనుకోవటమే సమంజసం. ఒక్క పదంతో కాలనిర్ణయం చేయరాదు గాని, దాన్ని ఛందోనిర్బంధంగా బోధించటం మాత్రం సరికాదు. పదకొండక్షరాలు లెక్కించే ఇటాలియన్ పాదంలో ఒక అచ్చు లోపిస్తే లెక్క మారుతుంది. తరువోజలో ఆ లోటును గురువు భర్తీ చేసింది. నేటి ‘తెలుసు’, ‘తెల్సు’ రూపాల మధ్య ఉన్నదీ ఈ సంబంధమే.